అల్లుడు అడిగిన చారన్నం: సంక్రాంతికి పిలిచే అత్తమామలకు బహిరంగ లేఖ

గోదావరి జిల్లాల అత్తయ్యలకు, మామయ్యలకు నమస్కారం.

ధనుర్మాసం వచ్చేసింది. మా ఊళ్ళో పిండిమర దగ్గర అప్పుడే డబ్బాలు వరస కడుతున్నాయి. మొన్న కూరగాయల బండి దగ్గర మా వీధి ఆవిడ ఒకరు కనబడి, "ఈసారి అల్లుడుగారికి ఎన్ని రకాలు పెడుతున్నారండీ? కిందటేడు 64 కదా?" అన్నారు. అంకె ఆవిడకు బాగా గుర్తుంది. అమ్మాయి ఎలా ఉందని మాత్రం అడగలేదు. ఆవిణ్ణి అనుకోవడానికి ఏమీ లేదు. పండగ అయ్యాక వారం రోజులపాటు ఆ అంకెను ఊరంతా చెప్పుకుని తిరిగింది నేనే. ఏదో అని తప్పించుకుని ఇంటికొచ్చాను గానీ, చెప్పాల్సిన జవాబు లోపలే ఉండిపోయింది. అది మీ అందరికీ చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది అమలాపురం దగ్గర ఒక ఊరు. ఇద్దరు ఆడపిల్లల తల్లిని. పెద్దమ్మాయిని కరీంనగర్ వైపు ఇచ్చి ఏడేళ్ళయింది. చిన్నమ్మాయికి నిరుడు వేసవికి ముందటి వేసవిలో మన వైపు సంబంధమే చేశాం. చిన్నమ్మాయి, అల్లుడు ఇద్దరూ వైజాగ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చినవాళ్ళకు వండి వడ్డిస్తూనే ఉన్నాను. గోదారోళ్ళ మర్యాద అంటే నాకు గర్వం. ఆ మర్యాద నిలబడాలనే రాస్తున్నాను, దాన్ని తీసిపారేయమని కాదు.

కిందటేడు కొత్తల్లుడికి మొదటి సంక్రాంతి. భోగికి మూడు రోజుల ముందు నుంచే మా పొయ్యి ఆరలేదు. అరిసెలతో మొదలుపెట్టాం. రాత్రి నానబోసిన బియ్యం వడకట్టి, తడి ఆరకుండానే పిండి పట్టించి, బెల్లం పాకం పెట్టాను. అరిసెల పాకం దగ్గర మనిషి పక్కకు కదలకూడదని మీకు తెలుసు. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని చుక్క చుక్కా వేసి చూస్తుండాలి. వేళ్ళ మధ్య మెత్తని ఉండ కట్టగానే దించి పిండి పొయ్యాలి. కాస్త ముదిరిందా, అరిసె రాయి అవుతుంది. లేతగా దించామా, నూనెలో విడిపోతుంది. సరిగ్గా అప్పుడు మా చిన్నమ్మాయి గుమ్మం దగ్గరకొచ్చి, "అమ్మా, నీతో ఒక మాట చెప్పాలే" అంది. "పాకం మీదున్నానమ్మా, తర్వాత" అన్నాను.

ఆ 'తర్వాత' పండగ నాలుగు రోజుల్లోనూ రాలేదు. పాకం అయ్యాక పిండి కలపడం, అది అయ్యాక నూనె, నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య నొక్కడం, అది అవకుండానే సున్నుండలకు మినుములు వేయించడం. అమ్మాయే నా పక్కన కూర్చుని అరిసెలు వత్తింది. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్ళం ఉన్నాం. మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఏ గిన్నెలో ఏది పెట్టాలని.

భోగి మధ్యాహ్నం అల్లుడుగార్ని కూర్చోబెట్టాం. అరిటాకు కొన ఎడమ వైపు వచ్చేలా వేసి, చుట్టూ గిన్నెలు పేర్చాం. చాలక రెండు పక్కలా బల్లలు వేశాం. పులిహోర, కొబ్బరన్నం, గుత్తి వంకాయ, ఆవ పెట్టిన పనసపొట్టు, కందా బచ్చలి, మజ్జిగ పులుసు, గారెలు, ఆవడలు, బూరెలు, బొబ్బట్లు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, కాకినాడ నుంచి తెప్పించిన గొట్టం కాజాలు. ఇంకా రాస్తే ఈ ఉత్తరం నిండిపోతుంది. ఫొటోలకు, వీడియోలకు అరగంట పట్టింది. గారెలు చల్లారిపోయాయి. పప్పు మీద నెయ్యి పేరుకుంది. ఆ అబ్బాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరు ఎటు చూడమంటే అటు చూస్తూ కూర్చున్నాడు. తినడం మొదలుపెట్టాక ఒక్కో గిన్నెలోంచి వేలి కొసంత తీసుకున్నాడు. ఏది ముట్టుకోకపోయినా ఊరుకోం కదా. "అది నేను చేశాను బాబూ", "ఇది మీ చిన్నత్తయ్యగారు రాత్రంతా కూర్చుని చేశారు" అంటూ ఒకరి తర్వాత ఒకరం గుర్తు చేస్తూనే ఉన్నాం. అతనొక్కడే తింటున్నాడు, పాతికమంది నిలబడి చూస్తున్నాం. నాకు ఎవరైనా అలా పెడితే ఒక్క ముద్ద గొంతు దిగదు. ఆ మాట ఆ రోజు నాకు తట్టలేదు.

రాత్రి పదకొండు దాటింది. వంటిల్లు కడుగుతుంటే అల్లుడుగారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "అత్తయ్యగారూ, కాస్త చారన్నం ఏమైనా ఉందాండి?" అని అడిగారు. ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు బాగా తగ్గించి అడిగారు.

లేదు. 64 రకాల్లో చారు లేదు. చారు ఎవరైనా పెట్టేదే, లెక్కలోకి రాదని మేమే తీసేశాం.

చింతపండు నానేసి, మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, పావుగంటలో చారు పెట్టాను. గుప్పెడు బియ్యం పొయ్యి మీద పడేశాను. అమ్మాయి అప్పటికే అలసిపోయి పడుకుంది. వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుని, వేడి వేడి చారన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. "ఇప్పుడు కడుపు నిండిందండి" అన్నారు. పెద్ద విందు పెట్టి పంపామనుకున్న మనిషి పొద్దుట్నుంచీ ఆకలితో ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది.

మన లెక్కలు ఎంత దూరం పోయాయో మీకు తెలియనిది కాదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి ఏడాదికి సరిపడా 365 రకాలు పెట్టిందని దేశమంతా చెప్పుకుంది. మరుసటేడు భీమవరంలో 173. పెట్టినవాళ్ళ ప్రేమను నేను శంకించడం లేదు. అంత వండడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. కానీ పెద్ద మనిషి కడుపు హాయిగా పట్టేది లీటరు, మహా అయితే లీటరున్నర. ఒక్కో రకం ఒక్కో పెద్ద చెంచా తీసుకున్నా వంద రకాలకే ఆ లీటరున్నర అయిపోతుంది. కడుపా, కళ్ళేపల్లి చెరువా అని మన పెద్దవాళ్ళు అన్నది ఎక్కువ తినేవాణ్ణి చూసి. ఇప్పుడు తినలేనివాణ్ణి కూర్చోబెట్టి ఆ చెరువు నింపుతున్నాం.

కనుమ నాడు జరిగింది ఇంకా చెప్పాలి. వియ్యాలవారు కూడా వచ్చారు. నాటుకోడి పులుసు, గారెలు చేశాం. కనుమకు మినుము తినాలి కదా. అన్నయ్యగారికి, అంటే మా అమ్మాయి మామగారికి, పదేళ్ళుగా షుగర్. ఆ సంగతి పెళ్ళిచూపులప్పుడే చెప్పారు. బంతిలో కూర్చున్నారు, మావారు బూరెలు పట్టుకొచ్చారు. అన్నయ్యగారు ఒకటి తిని, "ఇక చాలండి బావగారూ" అంటూ విస్తరి మీద అడ్డంగా చెయ్యి పెట్టారు. "ఇది నా కోసం" అంటూ మావారు ఆ వేళ్ళ సందులోంచే ఇంకోటి జారవిడిచి, దానికి చిల్లు పొడిచి నెయ్యి పోశారు. కాగిన నెయ్యి ఆయన వేళ్ళ మీద పడింది. ఆయన చెయ్యి తీసేశారు. దాంతో ఇంకోటి కూడా పడింది. బంతిలో అందరూ నవ్వారు, మన ఇళ్ళలో నవ్వినట్టే. ఆయన ఆ రెండూ తిన్నారు. పక్కన పూతరేకులు కూడా తిన్నారు. పారేస్తే మేం చిన్నబోతామని.

రాత్రయ్యేసరికి నోరు పిడచగట్టుకుపోయి, కళ్ళు తిరిగి పడుకుండిపోయారు. షుగర్ చూస్తే 400 దాటింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రాత్రి మేం కారు మాట్లాడుకుని ఆయన్ని అమలాపురం తీసుకెళ్ళాం. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. వదినగారు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మంచం పక్కన కూర్చుని ఆయన వేళ్ళ మీద ఎర్రగా కందిన చోట మందు రాస్తుంటే నేను ఎదురుగా నిలబడలేకపోయాను.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేయించిన సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. అంటే మీరు వేసే ఏ బంతిలోనైనా అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండి తీరతారు. అందరూ బయటికి చెప్పరు. కొత్తగా వచ్చిన అల్లుడు అసలే చెప్పడు. వాళ్ళ దగ్గర మిగిలింది ఆ అడ్డంగా పెట్టే చెయ్యి ఒక్కటే. దాన్ని కూడా మనం నమ్మకపోతే ఎలా?

నిజానికి ఈ కొసరి కొసరి వడ్డించడం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాకపోలేదు. 'వద్దు' అన్న మాటకు మన దగ్గర రెండు అర్థాలున్నాయి. మొదటి వద్దు మొహమాటం. ఇంట్లో ఎంతుందో, పిల్లలకు మిగులుతుందో లేదో అని అతిథి వెనక్కి తగ్గుతాడు. ఆ మాట పట్టుకుని గరిటె వెనక్కి తీసుకుపోతే అతను అర్ధాకలితో లేస్తాడు. అందుకని ఇంకోసారి అడగాలి. రెండో వద్దు నిజం. బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనకుండా 'నిండుకున్నాయి' అనే వాళ్ళం మనం. వెళ్ళేవాడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటాడు. ఇలా మాట వెనక మాట వినడం మనకు బాగా తెలిసిన విద్యే. వడ్డన దగ్గరే దాన్ని మరిచిపోయాం.

మా నాయనమ్మ వడ్డన చూడాల్సింది మీరు. గరిటె పట్టుకుని బంతి చివర నిలబడేది. ఎవర్నీ పేరు పెట్టి గట్టిగా అడిగేది కాదు. ముద్ద కలిపే చెయ్యి వేగం చూసేది. విస్తట్లో ఇంకా రెండు ముద్దల అన్నం ఉందనగా వచ్చి, "కాస్త పులుసన్నానికి?" అనేది. తలూపితే పెట్టేది. చెయ్యి అడ్డం పెడితే, ఆ చెయ్యి విస్తరికి ఎంత ఎత్తులో ఉందో చూసేది. ఎత్తులో ఆడించినట్టుంటే అది మొహమాటం, కొంచెం పెట్టొచ్చు. ఆకును తాకేంత కిందికి ఉంటే నిజంగా చాలు, ముందుకు వెళ్ళిపోవాలి. ఇది మాకు అత్తారింటికి పంపేటప్పుడు ఆవిడ చెప్పిన పాఠం. బంతిలో పెద్దాయన అందరికంటే ముందు లేవకూడదు, లేస్తే పక్కవాళ్ళు తినడం మానేస్తారు కాబట్టి నెమ్మదిగా తినేవాళ్ళకు మొదట వడ్డించు అని కూడా చెప్పింది. ఇంట్లో మూడు కూరలుంటే గొప్ప ఆ రోజుల్లో. ఆవిడ చేతి భోజనం తిన్నవాళ్ళు ఇప్పటికీ మా ఊళ్ళో చెప్పుకుంటారు.

మన డెల్టాకు పెట్టే చెయ్యి ఊరికే రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక పంట నిలబడింది, గాదెలు నిండాయి. ఆ కాలపు మనిషే డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చి, 1909లో పోయేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టారు. గోదావరి పాయలు దాటి ప్రయాణం చేసేవాళ్ళకు ఆ ఇల్లే దిక్కు. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఆకలితో ఉన్న ఒక కుటుంబం "గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని పిల్లలకు చెప్పుకోవడం విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగారని మా వైపు చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీది ఆక్విడెక్టుకు, అంటే కాలువను నది దాటించే వంతెనకు, ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఒకటి అనుకుంటాను. సీతమ్మగారు ఎన్ని రకాలు వండేవారో ఒక్కరూ చెప్పుకోరు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి వెలిగించేవారని చెప్పుకుంటారు.

ఇప్పుడు మీ ఇంటి ఆడవాళ్ళ సంగతి. మామయ్యలూ, ఇది ముఖ్యంగా మీకు. 'అతిథి దేవోభవ' అని మనం ఇంటి గోడకు తగిలించుకునే మాట తైత్తిరీయోపనిషత్తులోది. దాని ముందు మాతృదేవో భవ, పితృదేవో భవ, ఆచార్యదేవో భవ అని ఉంది. వరసలో తల్లిది మొదటి చోటు, అతిథిది నాలుగోది. మన పండగల్లో తల్లి ఎక్కడ కూర్చుంటుందో మీకు తెలుసు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆడవాళ్ళు కూర్చునే కడబంతిలో వడ్డించేవాడే ఉండడు. మధ్యాహ్నం మూడున్నరకు, నాలుగింటికి, ఎవరి కంచంలో వాళ్ళే పెట్టుకుంటారు. అడుగంటిన పప్పు, విరిగిన గారెలు, చల్లారి గడ్డకట్టిన అన్నం. మధ్యలో ఎవరికో మంచినీళ్ళు కావాలి, ఎవరికో కాఫీ కావాలి, ఎంగిలి చేత్తోనే లేస్తారు. కిందటేడు భోగి నాడు మా అమ్మాయి, పండక్కి పుట్టింటికొచ్చిన పిల్ల, నాలుగున్నరకు తిన్నది. దాని మొగుడికి పాతికమంది కాపలా ఉన్నారు, దానికి ఇంకాస్త పెట్టనా అని అడిగిన మనిషి లేదు.

ఈ కబురు పెట్టేటప్పుడు మనం ఏమంటాం? 'అమ్మాయిని, అల్లుణ్ణి పండక్కి పంపండి' అంటాం. అమ్మాయి పేరే ముందు. గుమ్మంలోకి రాగానే అల్లుడు పీట ఎక్కుతాడు, అమ్మాయి పీట మీద కొబ్బరి కోరుతుంది. పొయ్యి దగ్గర నాకు చెప్పబోయిన మాట ఏమిటో ఫిబ్రవరిలో ఫోన్లో తెలిసింది. ఆఫీసులో టెన్షన్ తట్టుకోలేక ఉద్యోగం మానేద్దామనుకుంటోందట. నా పక్కన పడుకుని చెప్పుకోవాలని ఆ నాలుగు రోజులూ చూసిందట. అప్పటికే రాజీనామా ఇచ్చేసింది. తర్వాత ఇంకోటి వచ్చిందిలెండి, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ మాట నేను వినాల్సిన రోజున వినలేదు.

సంక్రాంతి వెళ్ళాక మా పెద్దమ్మాయి అత్తవారింటికి, కరీంనగర్ వైపు, వెళ్ళి రెండు రోజులున్నాం. అక్కడ సంక్రాంతి అంటే సకినాలు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్లుగా తిప్పుతారు. మనకు అరిసెలు ఎంతో వాళ్ళకు అవి అంత. భోజనానికి బగార అన్నం, మటన్ కూర, పప్పు, పచ్చి పులుసు, పెరుగు. అంతే. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, వదినగారు కూడా మా పక్కనే కూర్చున్నారు. "ఇంకింత పెట్టాల్నా వదినా?" అని అడిగారు. చాలన్నాను. సరేనని తన కంచంలో వేసుకుని మనవడి బడి కబుర్లు చెప్పారు. నేను మనసులో ఇంకోసారి అడుగుతారని ఎదురుచూశాను, అలవాటు కదా. అడగలేదు. పచ్చి పులుసు నేనే అడిగి వేయించుకున్నాను. వాళ్ళింట్లో అడగడానికి నాకు సిగ్గనిపించలేదు. ఆ వైపు అన్ని ఇళ్ళూ ఇలాగే ఉంటాయని నేను అనడం లేదు. నేను తిన్న ఒక ఇంటి సంగతి చెబుతున్నాను.

మిగిలిపోయిన అన్నం గురించి రాయకుండా ఉండలేను. భోగి మర్నాడు పొద్దున చూస్తే 64 గిన్నెల్లో సగానికి పైగా అలాగే ఉన్నాయి. కొబ్బరి పడినవి, పెరుగు పడినవి పాచివాసన కొడుతున్నాయి. తెల్లవారుజామున మూడింటికి వండడం మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటికి ముట్టుకుంటే ఉంటాయా మరి. వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దని తెలిసినవాళ్ళు చెబుతూనే ఉంటారు. పనిచేసే ఆవిడకు ఇద్దామంటే, ఒకరు వేలు పెట్టి వదిలేసినవి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తవ్వించి కప్పెట్టాం. పెద్ద పండగ పూట, కొత్త బియ్యం అన్నం. 2022లో ప్రపంచం మొత్తం మీద పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులని, అందులో 63 కోట్ల టన్నులు ఇళ్ళలోనే పారేశారని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. హోటళ్ళ కంటే ఇళ్ళలోనే ఎక్కువన్న మాట. ఆ గొయ్యి గుర్తున్నంత కాలం నాకు ఆ లెక్క నమ్మడం కష్టం కాదు.

మా వీధి చివర ఒక ఇంట్లో ఇంకో బాధ చూశాను. ఆ మామగారు కౌలు రైతు. పక్కవాళ్ళు 51 రకాలు పెట్టారు కాబట్టి తనూ పెట్టాలని చేబదులు తీసుకుని వండించారు. పిల్ల తండ్రి చిన్నబోకూడదని. ఆ అప్పు ఆయన దాళ్వా పంట మీద, అంటే రెండో కారు వరి మీద, తీర్చుకున్నారు. మనలాంటి నాలుగెకరాలున్నవాళ్ళం అంకె పెంచినప్పుడల్లా దాని బరువు ఇలాంటివాళ్ళ మీద పడుతోంది. దయచేసి ఇది ఆలోచించండి.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇదీ. అల్లుడు వచ్చే వారం ముందే అమ్మాయికి ఫోన్ చేసి, అతను ఏం తింటాడు, ఏది పడదు, డాక్టరు ఏదైనా వద్దన్నారా అని అడగండి. వియ్యాలవారి గురించి కూడా అడగండి. అడగడం చిన్నతనం కాదు, అడిగినందుకు వాళ్ళు సంతోషిస్తారు. ఏడెనిమిది రకాలు చాలు, వేడిగా ఉండాలి. అందరి విస్తళ్ళూ ఒకేసారి వేయండి, అల్లుడి పక్కన అమ్మాయికి, దాని పక్కన దాని తల్లికి. మామయ్యలూ, గరిటె మీరు పట్టుకోండి. కానీ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టిన మనిషికి ఇంకోసారి వడ్డించకండి. పప్పు, నెయ్యితో మొదలుపెట్టి పెరుగు దాకా ఒక్కొక్కటీ వరసగా వస్తుంటే తినేవాడికి ఎంత సుఖమో మీకు నేను చెప్పాలా? ఆ వరసలో కూర, పచ్చడి, పులుసు తర్వాత చారు ఉంది. దాన్ని తీసేయకండి. ఫొటో కావాలంటే అందరూ తిని, తాంబూలం వేసుకుని, ఎర్రటి నోళ్ళతో అరుగు మీద కూర్చున్నాక తీసుకోండి.

అల్లుడు చిన్నబుచ్చుకుంటాడేమోనని భయపడుతున్నారా? మా అల్లుడుగార్ని నేను ఈ దీపావళికి అడిగాను. పోయినేడు ఇక్కడ తిన్నవాటిలో ఏది గుర్తుందని. "ఆ రాత్రి చారండి" అన్నారు. పనసపొట్టు కూర రుచి కూడా బాగా గుర్తుందట, కానీ రెండోసారి అడగడానికి సందు దొరకలేదట.

ఈ భోగికి మా ఇంట్లో ముద్దపప్పు, గుత్తి వంకాయ, పనసపొట్టు కూర, మాగాయ, చారు, గడ్డపెరుగు, రెండేసి బూరెలు. అన్నయ్యగారు, వదినగారు కూడా వస్తామన్నారు. ఆయన కోసం బెల్లం పడని గారెలు, మజ్జిగలో నానేసినవి. మావారు ఈసారి బూరెల గిన్నె ఆయన ముందు ఒక్కసారే తెస్తానని నాకు మాటిచ్చారు. చిన్నమ్మాయి రెండు రోజుల ముందే వచ్చేస్తానంది. అరిసెలు మా ఊళ్ళో చేసి అమ్మే ఆవిడకు చెప్పేశాను. అమ్మాయి వచ్చేసరికి పొయ్యి మీద పాకం ఉండదు.

మీలో ఒక అత్తయ్య,
కోనసీమ నుంచి